సమాధుల తోట గేటు గురించి కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గుంటూరు మున్సిపల్ కమిషనర్ గారికి,

నమస్కారం. వేళాంకణ్ణి వెళ్ళి వస్తూ గుంటూరులో దిగి, తాతయ్య నాయనమ్మల సమాధులు చూసుకున్నాకే ఫిరంగిపురం బస్సు ఎక్కడం మా ఇంటి ఆనవాయితీ. మాత గుడి నుంచి తెచ్చిన నూనె సిలువకు రాసి, కొవ్వొత్తి వెలిగిస్తేగానీ మా అమ్మకు యాత్ర పూర్తయినట్టుండదు.

ఈసారి గేటుకు తాళం. కాపలా మనిషి వచ్చేసరికి పొద్దు వాలింది. లోపల సర్కారు తుమ్మ నడుమెత్తు పెరిగింది. పలక మీది పేరు నాచు గీకితేగానీ కనపడలేదు. కుళాయి ఉంది, నీళ్ళు లేవు. తాగడానికి తెచ్చుకున్న సీసాలు వంచి సమాధి కడిగాం. అమ్మ దాహంతోనే బస్సెక్కింది.

నవంబరు 2న సమాధుల పండుగకు ఎలాగూ శుభ్రం చేయిస్తారంటారు. నిజమే, కానీ దూరాన ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు ఆ రోజే సెలవు దొరకాలిగా! వీలు చిక్కినప్పుడే వస్తారు. అందుకే గేటు వేళలు, తాళం ఉన్నవాళ్ళ ఫోన్ నంబరు బోర్డు మీద రాయించండి. కుళాయికి నీళ్ళు వదలండి.

తుమ్మ తీయించడానికి మాత్రం జేసీబీ పంపకండి సార్. పసిపిల్లల సమాధులు నేలకు జానెడెత్తే ఉంటాయి, చక్రం కింద పడితే ఆనవాలుండదు. కూలీలతో కొట్టించండి. 1842లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హయ్యర్ దొర లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఊరు గుంటూరు, పాత సమాధులకు లోటు లేదు. ఎవరిది ఎక్కడుందో చెప్పే రిజిస్టరు కాపీ ఒకటి గేటు దగ్గర పెట్టిస్తే, మనవళ్ళు వెతుక్కోగలరు.

ఇట్లు,
ఫిరంగిపురం వాసి