వరద వెళ్లిన దారి

చిరంజీవి శ్రావణికి,

నాన్న ఆశీస్సులు. సెలవు రోజుల్లో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నగరం చుట్టుపక్కల ఏం చూడాలని అడిగావు. కోర్ డలేన్ సరస్సు అరగంట దూరమే కాబట్టి దాన్ని ఏ సాయంత్రమైనా చూడవచ్చు. రోజంతా చేతిలో ఉన్నప్పుడు మాత్రం పడమటికి వెళ్లు. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసిన నాకు అంతకంటే గొప్ప నేల కనిపించలేదు.

మంచుయుగం చివర క్లార్క్ ఫోర్క్ నదికి హిమానీనదం అడ్డుపడటంతో ఇప్పటి మోంటానాలో మిజూలా అనే మహాసరస్సు ఏర్పడింది. ఆ మంచు కట్ట తెగినప్పుడల్లా నీరు స్పోకేన్ మీదుగా నైరుతికి ఉరికి, పైమట్టిని ఊడ్చుకుపోయి, మన వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి వంటి బసాల్టును బయటపెట్టింది. ఇదంతా మహావరద పనేనని 1923లో భూగర్భ శాస్త్రజ్ఞుడు జె. హార్లెన్ బ్రెట్జ్ రాస్తే తోటి శాస్త్రజ్ఞులు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. చివరకు 1979లో ఆయనకు భూగర్భ శాస్త్రంలో గొప్ప గౌరవమైన పెన్రోజ్ పతకం దక్కింది.

ముందు గ్రాండ్ కూలీ ఆనకట్టకు వెళ్లు. 1933లో మొదలుపెట్టి 1942లో పూర్తిచేసిన ఈ కాంక్రీటు కట్ట పొడవు దాదాపు ఒక మైలు. కొలంబియా నది నీటిని పంపులతో పైకి తోడి, పాత వరద కోసిన లోయలోనే నిలవచేసి, అక్కడినుంచి కాలువలకు వదులుతారు. మన ఎత్తిపోతల పథకాల వంటిదే. అయితే చేపలు ఎక్కి వెళ్లే మెట్లు దీనికి కట్టలేదు. సముద్రం నుంచి వచ్చే సాల్మన్ చేపలకు పైదారి మూసుకుపోయింది, అక్కడి ఆదివాసుల కెటిల్ ఫాల్స్ చేపల రేవు జలాశయంలో మునిగిపోయింది. పోలవరం ముంపు గ్రామాల సంగతి తెలిసిన మనం కట్ట ఎత్తును మాత్రమే చూసి తిరిగి రాకూడదు.

అక్కడినుంచి అదే లోయ వెంట దక్షిణానికి వెళితే ఆ వరద వదిలిన ఎండు జలపాతం డ్రై ఫాల్స్ వస్తుంది. మూడున్నర మైళ్ల వెడల్పు, 400 అడుగుల ఎత్తున్న ఆ కొండ అంచు మీద ఇప్పుడు చుక్క నీరు లేదు. నయాగరాకు రెండింతలకు పైగా ఎత్తైన ఆ అంచు దగ్గర తొందరపడకుండా నిలబడు.

పలూస్ జలపాతానికి మరో రోజు కేటాయించు. దాదాపు 200 అడుగుల నుంచి దూకే ఆ నీరు వసంతంలోనే నిండుగా ఉంటుంది, వేసవి ముదిరితే సన్నబడుతుంది. అంచుల్లో జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు కాబట్టి కంచె దాటవద్దు. వరద తాకని మెత్తని గోధుమ కొండలను చూడాలంటే స్టెప్టో బ్యూట్ అనే గుట్ట ఎక్కు. శిఖరం దాకా కారు వెళుతుంది, ఆ కొండలు జూన్‌లో పచ్చగా, ఆగస్టులో బంగారు రంగులో ఉంటాయి.

ఈ రాష్ట్ర పార్కులకు కారుకు డిస్కవర్ పాస్ అనే అనుమతి పత్రం కావాలి, ముందే కొనుక్కో. దారిలో ఊళ్లు తక్కువ కనుక పెట్రోలు, నీళ్లు నింపుకొనే బయలుదేరు.

ఆశీస్సులతో,
నాన్న