శిబిరం ముగిసిన ఏడాదికి కూడా ఒక ఫొటో వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) శిబిరాల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి. చీపుర్లు పట్టుకున్న పిల్లలు, ముగింపు సభ, శాలువాలు. ఆ పిల్లలు ఎంత కష్టపడతారో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి ఆ ఫొటోలు చూస్తే నాకు సంతోషమే. అయితే వాళ్లు వెళ్లిపోయాక ఆ ఊళ్లోనే ఉండేవాళ్ల తరఫున ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వరంగల్ జిల్లాలో ఒక చిన్న ఊరి మహిళా సంఘం లీడర్‌ని.

మా ఊరికి మొదటిసారి శిబిరం వచ్చింది మార్చిలో. ర్యాలీ తీశారు, గోడల మీద నినాదాలు రాశారు, బడి నుంచి చెరువు కట్ట దాకా మొక్కలు నాటారు. మార్చిలో నాటిన మొక్క ఎట్లా బతుకుతుంది? ఏప్రిల్ వచ్చిందంటే మాకే నీళ్ల టెన్షన్. మేకలు తిన్నవి తినగా మిగిలినవి ఎండకు మాడిపోయాయి. ఇందులో పిల్లల తప్పేం లేదు. పరీక్షలు చూసుకుని కాలేజీ తేదీలు పెట్టుకుంటుంది, ఊరికి ఏం కావాలో అడిగేవాళ్లు ఉండరు, అడగకపోయినా చెప్పాలని మాకూ తోచదు.

తర్వాతి ఏడాది వేరే కాలేజీ వాళ్లు వచ్చారు. వాళ్ల ప్రోగ్రాం ఆఫీసర్ మేడం ముందుగానే వచ్చి, మా సంఘం మీటింగ్‌లో చాప మీద కూర్చుని "ఏం పని చేయమంటారమ్మా?" అని అడిగారు. అందరం ఒకటే చెప్పాం, మురుగునీళ్ల మోరీ సంగతి చూడమని. మా వాడ పల్లంలో ఉంటుంది. ఊరంతటి స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు దిగి వచ్చి మా బోరింగ్ పక్కన నిలుస్తాయి. చీకటి పడితే వాకిట్లో కూర్చోలేం, అన్ని దోమలు.

మేడం ఊరంతా తిరిగి చూసి, మోరీ ఎంత తీసినా మళ్లీ నిండుతుంది, పై వాడ ఇళ్ల నీళ్లు అక్కడే ఇంకాలి అన్నారు. అంటే ఇంటింటికీ ఇంకుడు గుంత. తవ్వడం కంటే ఒప్పించడమే కష్టమైంది. "మా వాకిట్లో గుంత తవ్వితే గోడ దిగబడుతుంది" అని ఒక పెద్దాయన అస్సలు వినలేదు. మా సంఘం ఆడవాళ్లం, ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి మళ్లీ మళ్లీ పోయి మాట్లాడితే, గోడకు దూరంగా జామచెట్టు దగ్గర జాగా చూపించాడు. ఆయన ఒప్పుకున్నాక ఆ వరుసంతా ఒప్పుకుంది.

పని ఎట్లా జరిగిందో చెప్తాను, వేరే ఊళ్లకు పనికొస్తుంది. పొద్దున ఎండ ఎక్కకముందే మా మగవాళ్లు గడ్డపారలతో పై పొర తవ్వి ఇచ్చేవాళ్లు, పిల్లలు పారలతో మట్టి ఎత్తి తట్టల్లో మోసేవాళ్లు. గుంత నడుమ, రంధ్రాలున్న సిమెంటు గూన నిలబెట్టి, చుట్టూ అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆ పైన ఇసుక. నీళ్లు గుంతలో పడేముందు ఆగడానికి చిన్న తొట్టి కట్టాలి. మట్టి, వెంట్రుకలు, అన్నం మెతుకులు ఆ తొట్టిలోనే ఆగిపోవాలి. దాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తేనే గుంత పనిచేస్తుంది, లేకపోతే రాళ్ల సందులు పూడుకుపోయి నీళ్లు పైకి తన్నుతాయి. పిల్లలు వారం ఉండి పోతారు, తొట్టి మాత్రం ఏళ్ల తరబడి తీయాల్సిందే. అందుకే శిబిరం అయిపోకముందే ఏ గల్లీ తొట్లు ఏ సంఘం చూసుకోవాలో రాసి, పంచాయతీ గోడకు అంటించాం.

మొక్కలు ఆ వారంలో నాటనివ్వలేదు. మొక్కల కోసం గుంతలు మాత్రం తీయించాం. జూలైలో వానలు పడ్డాక అదే పిల్లలు ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి, పంచాయతీ నర్సరీ నుంచి కానుగ, వేప తెచ్చి నాటారు. చుట్టూ తుమ్మ కంప మేం కట్టాం. ఎవరి ఇంటి ముందు మొక్కకు వాళ్లే నీళ్లు పోశారు. ఇప్పుడా కానుగలు నా భుజం దాకా వచ్చాయి.

ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది 1969 సెప్టెంబర్ 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో. ఒక విద్యార్థి రెండేళ్లు అందులో ఉంటాడు, ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల శిబిరం దానికి అదనం. రెండేళ్లంటే ఒకే ఊరికి రెండు వానాకాలాలు రావచ్చు కదా! ఆ గంటల్లో కొన్ని శిబిరం జరిగిన ఊరికే ఇస్తే చాలు. ఊరిని దత్తత తీసుకోవాలని ఎలాగూ ఉంది. ఏటా కొత్త ఊరికి పోయి కొత్తగా మొదలుపెట్టొద్దని కాలేజీల వాళ్లను వేడుకుంటున్నాను.

మా ఊళ్ల వాళ్లకూ ఒక మాట. మన జిల్లాలోనే గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఉంది. నీళ్లకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒక కమిటీ అని ప్రతి పనికీ ఊరివాళ్లే బాధ్యత పంచుకున్నారు కాబట్టే అది దేశమంతా తెలిసిన ఊరైంది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో మనకూ పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనులకు స్టాండింగ్ కమిటీలు ఉన్నాయి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని ఉంది. మీ ఊళ్లో ఆ కమిటీల్లో ఎవరున్నారో ఎంతమందికి తెలుసు? పంచాయతీ ట్రాక్టర్ డీజిల్ లేక ఆగినప్పుడు గ్రామసభలో లేచి అడగాల్సింది మనమే. బయటి పిల్లలు వచ్చి మన మోరీలో దిగుతుంటే గద్దె మీద కూర్చుని చూడటం నాకు చాలా బాధనిపిస్తుంది.

చివరగా మీకు ఒక విన్నపం. శిబిరం ముగింపు ఫొటో వేసిన ప్రతి ఊరికీ ఏడాది తర్వాత మీ విలేకరిని పంపండి. నాటిన మొక్కల్లో ఎన్ని ఉన్నాయి, గుంతల్లో నీళ్లు ఇంకుతున్నాయా, తొట్లు ఎవరు తీస్తున్నారు అని అడిగి రాయించండి. ఆ వార్త వస్తుందని తెలిస్తే కాలేజీలూ, మేమూ ఇద్దరం జాగ్రత్తగా ఉంటాం. మా ఊరికి ఎప్పుడు వచ్చినా అన్నీ చూపిస్తాం. పై వాడలో మూడు గుంతలు పూడిపోయి ఉన్నాయి, అవి కూడా చూపిస్తాం.

ఇట్లు,
ఒక మహిళా సంఘం లీడర్,
వరంగల్ జిల్లా