నవలకు ఆరు వారాల గడువు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు అన్నిచోట్లా జరిగినట్టే మా ఊరి శాఖా గ్రంథాలయంలోనూ గ్రంథాలయ వారోత్సవాలు జరిగాయి. మామిడాకుల తోరణం కట్టారు, పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు, వచ్చిన పెద్దలు పుస్తకాలు చదవాలని చెప్పి వెళ్లారు. ఆ వారమంతా హాలు మధ్య బల్లల మీద పాత నవలలు పరిచి ఉంచారు. 21వ తేదీన వెళ్లేసరికి అవి మళ్లీ బీరువా చేరాయి, బీరువాకు తాళం పడింది. ఆ తాళం గురించీ, మా పరీక్షల గురించీ కొంచెం చెప్పుకోవాలని ఈ ఉత్తరం.

నేను బీకాం చదువుతున్నాను. తెలుగు మాకు భాషా పేపరు మాత్రమే. ఇంటర్‌లో మాకొక ఉపవాచకం ఉండేది. దాన్ని చదివి పరీక్ష రాసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ వేళ్లలో నేను లేను. గైడు కొన్నాను. అందులో ఆరు ప్రశ్నలు, మూడు చదివితే ఒకటి తప్పకుండా వస్తుందని ధీమా. నాయకుడి స్వభావం రాయమంటే ‘ఉదాత్తుడు, సహనశీలి, త్యాగమూర్తి’ అని మూడు ఉపశీర్షికలు పెట్టి కింద గీతలు గీస్తే సరిపోయేది. ఆ మూడు మాటలూ ఏ నవలలో నాయకుడికైనా సరిపోతాయని అప్పట్లో నాకు తట్టలేదు. మార్కులు బాగానే వచ్చాయి.

డిగ్రీకి వచ్చాక తెలుగు మేడమ్ మా చేత నోటుబుక్కు పెట్టించారు. ఒక్కో పాత నవల చదువుతూ ప్రతి శనివారం దాని మీద ఒక పేజీ రాయాలి. కథ చెప్పకూడదు, పాత్రల గుణగణాలు వద్దు. ఆ వారం ఎన్ని పేజీలు చదివామో పైన వేసి, ఎక్కడ ఆగామో, ఎందుకు ఆగామో కింద రాయాలి. చదవకపోతే చదవలేదని రాయవచ్చు, దానికి కోపగించరు. చదవకుండా చదివినట్టు రాస్తే మాత్రం ఊరుకోరు.

నా వంతుకు మొదట వచ్చింది వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలై 1880లో పుస్తకంగా వచ్చిన నవల. మొదటి శనివారం నా నోటుబుక్కులో ‘4 పేజీలు’ అని ఉంది. ధవళేశ్వరం కొండ, గోదావరి పుట్టుక వర్ణించే చోటే కూలబడ్డాను. వాక్యం మొదలైన చోటు గుర్తుండగా ముగిసే చోటుకు చేరలేకపోయాను. ‘ఈ భాష నాది కాదు’ అని రాశాను. మేడమ్ పక్కన ఎర్ర సిరాతో ‘పైకి చదువు’ అని రెండే మాటలు రాశారు.

పైకి చదవడం మొదలుపెడితే వినడానికి మా నాయనమ్మ వచ్చి కూర్చుంది. ఆమె అయిదో తరగతి దాటలేదు. కానీ చిన్నప్పటి నుంచి పురాణం వింటూ పెరిగిన మనిషి, ఆ క్రియాపదాలకు బెదరలేదు. నేను తడబడిన చోట ఆమే అర్థం చెప్పింది. వారం తిరిగేసరికి సాయంత్రం దీపం పెట్టగానే ‘ఆ రాజశేఖరుడి సంగతి ఏమైంది?’ అని అడగడం మొదలుపెట్టింది. రెండో శనివారం పేజీల సంఖ్య 31.

పొగడ్తలకు పొంగిపోయే ఆ రాజశేఖరుడు బంగారం చేసి ఇస్తానన్న బైరాగిని నమ్మి, ఇంట్లో ఉన్న బంగారం, వెండి పోగొట్టుకునే ఘట్టం చదివిన వారంలోనే మా బాబాయి ఫోనులో వచ్చిన ఏదో పెట్టుబడి పథకంలో డబ్బు పోగొట్టుకున్నాడు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నాయనమ్మ మాత్రం ఆ రాత్రి ‘ఆ బైరాగి కథ ఇంకోసారి చదువు, వాడు కూడా వింటాడు’ అంది. బాబాయి లేచి బయటికి వెళ్లిపోయాడు. ఈ నవలలో గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఛాయలున్నాయని మేడమ్ క్లాసులో చెప్పారు. ఉండవచ్చు గానీ ఆ బైరాగి మటుకు మన ఊళ్లవాడే అని నా నోటుబుక్కులో రాశాను.

తర్వాత ‘మాలపల్లి’ తీసుకున్నాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండగా రాసిన నవల, 1922లో అచ్చయితే అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల. ఇది నా దగ్గర ఏడు వారాలు ఉంది. అందులో కూలి గింజల్లో ఇవ్వాలా, డబ్బులో ఇవ్వాలా అన్న తగాదా వస్తుంది. ఏ రూపంలో ఇస్తే ఏమిటి, ఇంత గొడవ దేనికి అనుకుంటూ ఒక వారం దాటేశాను. నాయనమ్మే ఆపింది. చిన్నతనంలో వరికోతలకు వెళ్లిన మనిషి ఆమె. ‘ధాన్యం ధర పెరిగిన ఏడు డబ్బు తీసుకోమంటారు, పడిపోయిన ఏడు గింజలు తీసుకోమంటారు, ఎటు చూసినా కొలిచేవాడిదే లాభం’ అంది. మాకు అర్థశాస్త్రంలో నామమాత్రపు వేతనం (చేతికొచ్చే డబ్బు), నిజ వేతనం (ఆ డబ్బుతో కొనగలిగే సరుకు) అని పాఠం ఉంది. పరీక్షలో దానికి అయిదుకు అయిదు తెచ్చుకున్నాను. అది నాకు అర్థమైంది మాత్రం ఆ రోజే.

ఆ నవలలో రామదాసు కొడుకు సంగదాసు చనిపోయే ఘట్టం చదివిన వారం నేను పేజీ నింపలేదు. ‘ఈ వారం చదివాను, రాయలేను’ అని ఒక్క వరుస రాసి ఇచ్చాను. కొడుకు పోయాక కూడా రామదాసు చూపిన ఓర్పు నాకు నచ్చలేదని ఆ తర్వాతి వారం కోపంగా రాశాను. మేడమ్ వాదించలేదు. పుస్తకం పూర్తయ్యాక ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతానన్నారు, అడిగారు. ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఎందుకు నచ్చలేదో ఇప్పుడు నాలుగు పేజీలు రాయగలను. గైడులో దీనికి జవాబు దొరకదు, ఎందుకంటే ప్రశ్నపత్రంలో ఈ ప్రశ్నే రాదు.

‘బారిస్టర్ పార్వతీశం’ రెండు వారాల్లో అయిపోయింది. బారిస్టరు చదువుకు ఇంగ్లండు బయల్దేరి, మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కుని తలకు పెట్టుకున్న ఆ మొగల్తూరు కుర్రవాణ్ణి చూసి ఇంటిల్లిపాదీ నవ్వాం. పైచదువుకు అమెరికా వెళ్లబోతున్న మా అక్క ఒక్కతే కాస్త తక్కువగా నవ్వింది.

ఇంతకీ అసలు సంగతి పుస్తకం దొరకడం. ‘మాలపల్లి’ కోసం గ్రంథాలయానికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి బీరువా తాళంచెవి కనబడలేదు. రెండోసారి గ్రంథపాలకుడు మరో ఊరి గ్రంథాలయంలో డ్యూటీలో ఉన్నారు, ఆయనకు రెండూ అప్పగించారు. మూడోసారి ఇచ్చారు, పదిహేను రోజుల గడువుతో. ఆయన మంచివారు కాబట్టి గడువు మీద గడువు పెంచారు. ప్రతి విద్యార్థికీ అంత మంచివారు ఎదురుకావాలని లేదు కదా. హాల్లో కుర్చీలు ఖాళీగా లేవు. అందరూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నవారే, పుస్తకాలు వారివే, కావలసింది ఫ్యాను, వెలుతురు, నిశ్శబ్దం. వారిని తప్పుపట్టను. రేపు నేనూ అక్కడే కూర్చుంటానేమో. కానీ 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ పైసల్లో కొన్నయినా ఈ బీరువా వైపు తిరగాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. పాఠ్యప్రణాళిక తయారుచేసే విశ్వవిద్యాలయాలు ‘కథాసారాంశం రాయండి’ అనే ప్రశ్నను తీసివేసి, ఆ మార్కులను ఇలాంటి వారపు పేజీలకు ఇవ్వాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఓ పది పాత నవలలు ఎంచుకుని ఒక్కొక్కటి కొన్ని ప్రతులు తెప్పించి, విద్యార్థులకు ఆరు వారాల గడువుతో ఇవ్వాలి. అయిదు వందల పేజీల నవలను పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వమంటే అది చదవవద్దని చెప్పినట్టే.

అరవై నోటుబుక్కులు వారం వారం ఎవరు దిద్దుతారని ఒక అధ్యాపకుడు నన్నే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా మేడమ్ కూడా అన్నీ దిద్దరు. వారానికి పదిహేను తీసుకుంటారు, ఎవరివి తీసుకుంటారో ముందు చెప్పరు. ఫోనును అడిగితే అదే పేజీ రాసి ఇస్తుంది కదా అని ఇంకొకరు అన్నారు. మా తరగతిలో ఒకబ్బాయి అలాగే తెచ్చాడు. చాలా చక్కటి భాష. ‘నీకు ఎక్కడ విసుగు పుట్టింది?’ అని మేడమ్ ఒక్కటే ప్రశ్న వేశారు. ఆ పేజీలో విసుగు ఎక్కడా లేదు. వాడికి చెప్పడానికీ ఏమీ దొరకలేదు. ఆ మరుసటి శనివారం వాడి పేజీ మీద ‘6 పేజీలు, నిద్ర వచ్చింది’ అని ఉంది. క్లాసులో ఎక్కువ మెచ్చుకున్నది దాన్నే.

ఇప్పుడు నా దగ్గర ‘వేయిపడగలు’ ఉంది. నాలుగు వారాలైంది, ఇంకా సగానికి రాలేదు. ఈ శనివారంతో గడువు ముగుస్తుంది. మరో సభ్యుడు ఎవరైనా అడిగితే తిరిగి ఇవ్వాల్సిందే, లేకపోతే ఇంకో పదిహేను రోజులు ఉంచుకోవచ్చని గ్రంథపాలకుడు చెప్పారు. ఇంతవరకు ఎవరూ అడగలేదట.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని,
గుంటూరు జిల్లా.