కాటా ఎక్కించకుండానే మిషన్ ఎక్కిస్తున్నారు, మంత్రి గారూ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛను వస్తోంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి ఉంది. అవేవీ కాదనను. నేను రాసేది వాటి ముందు చాలా చిన్న విషయం. చిన్నది కాబట్టే కాబోలు, సోమవారం అర్జీల్లో ఇచ్చినా, సెంటర్ వాళ్లకి నోటితో చెప్పినా ఎవరికీ పట్టలేదు.

మా ఆయన డయాలసిస్‌కి వెళ్లే సెంటర్లో బరువు చూసే కాటా సరిగా పని చేయదు. ఒకసారి ఎక్కితే ఒక అంకె, దిగి మళ్లీ ఎక్కితే ఇంకో అంకె. అందుకని ఇప్పుడు దాని జోలికే వెళ్లడం మానేశారు. "పోయినసారి ఎంత?" అని అడిగి, ఓ రెండు కిలోలు కలిపి రాసుకుంటారు. కిడ్నీలు పని చేయక ఒంట్లో నిలిచిపోయిన నీళ్లని ఆ లెక్క ప్రకారమే డయాలసిస్ మిషన్‌తో లాగేస్తారు. మా దగ్గర జీడిపిక్కలు కొనే షావుకారు ఇంతకంటే శ్రద్ధగా తూస్తాడు సార్. పిక్కల్లో తేమ ఎంతుందో కూడా చూసి మరీ ధర కడతాడు.

డ్రై వెయిట్ అని ఒకటి ఉంటుందని మీకు తెలుసు. ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు మనిషి ఎంత తూగాలో ఆ బరువు. మా ఆయనకి అది 50 అని ఎప్పుడో ఫైల్లో రాశారు. ఆ తర్వాత ఆయన తిండి తగ్గింది, కండ కరిగింది, చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. ఫైల్లో మాత్రం ఆయన ఇంకా 50 కిలోల మనిషే. కండ పోయిన చోట నీరు చేరితే బరువు ఏమీ మారదు కదా. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది, ఊపిరితిత్తుల్లో నీరు ఉంటుంది. కాళ్లు వాయలేదు కాబట్టి నీరు లేదంటారు కొందరు. రెండు మూడు లీటర్లు చేరాక గానీ వాపు పైకి కనబడదని ఆ సెంటర్లోనే ఒక సిస్టర్ మాకు చెప్పింది.

ఆ సిస్టర్ గురించి చెప్పాలి. ఆమె ఉన్నన్నాళ్లూ ఎవరినీ నేరుగా మంచం ఎక్కించేది కాదు. గుమ్మం నుంచి నడిచి వస్తుంటే ఆయాసం వస్తోందా అని చూసేది. చెప్పులు విప్పించి, జేబులో సెల్లు తీయించి బరువు చూసేది. "రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు? పడుకుంటే దగ్గొస్తోందా?" అని అడిగేది. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేది. మంచం పట్టిన వాళ్లకి నీరు కాళ్లలో కాదు, నడుం కింద చేరుతుందని వాళ్లను పక్కకి తిప్పి చూసేది. మెడ నరం ఉబ్బిందేమో చూసి, వీపు మీద స్టెతస్కోప్ పెట్టేది. బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి. ఇదంతా కాసేపటి పనే. దీనికి కోట్లు పెట్టి ఏ మిషనూ కొనక్కర్లేదు.

ఆమె కాంట్రాక్టు అయిపోయింది. మళ్లీ తీసుకోలేదు. ఎందుకో మాకెవరూ చెప్పలేదు, మేమెవరం అడగడానికి.

ఇప్పుడున్న సిస్టర్ పిల్లల్ని నేను తిట్టను. ఒక బ్యాచ్ దిగకముందే ఇంకో బ్యాచ్ గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఒక్క సిస్టర్ ఎన్ని మంచాలు చూస్తుంది? కానీ చూడకపోతే ఏమవుతుందో అనుభవించేది మేమే. తక్కువ లాగితే రాత్రి పడుకోలేడు, మంచం మీద కూర్చుని రొప్పుతాడు, 108కి ఫోన్ చేయాలి. ఎక్కువ లాగితే అక్కడే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేసి కేకలు పెడతాడు. గంటకి కిలో బరువుకి 13 మిల్లీలీటర్లు దాటితే గుండెకి మంచిది కాదంటారు. అంటే 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 2.6 లీటర్లు. అసలు బరువే తెలియనప్పుడు ఈ లెక్క ఎవరు కడతారు సార్?

పైగా తిట్లు మాకే. "నీళ్లు ఎక్కువ తాగేస్తున్నారు." నీళ్లు కొలిచే ఇస్తున్నాను. ఉప్పు తింటే దాహం ఆగదని, ఎండు చేప, ఆవకాయ ఆపకుండా నీళ్లు ఆపలేమని ఆ పాత సిస్టర్ ఒక్కతే కూర్చోబెట్టి చెప్పింది. కొబ్బరి తోటల మధ్య ఉంటూ కొబ్బరి నీళ్లు ముట్టుకోకూడదన్న మాట కూడా మొదట చెప్పింది ఆమే. అందులో పొటాషియం ఎక్కువట, కిడ్నీలు పని చేయని వాళ్లకి అది గుండెకి ప్రమాదమట.

అర్జీకి జవాబు రాలేదని అనను. వచ్చింది. "మీ సమస్య పరిష్కరించబడింది" అని సెల్లుకి మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చూపించి మా ఆయన్ని ఏ కాటా మీద నిలబెట్టాలో చెప్పండి.

పని చేసే కాటా ఒకటి ఇప్పించండి. మంచం మీదున్న వాళ్లని తూచేది కూడా ఉంటుందట, అదీ ఇప్పించండి. సూది గుచ్చే ముందు మనిషిని ముట్టుకుని చూసే సిస్టర్లని వేయండి, వేసిన వాళ్లని ఉంచండి. కిడ్నీ డాక్టర్ నెలకొకసారైనా వచ్చి ఆ డ్రై వెయిట్ మార్చాలా వద్దా చూడాలి. ఇది అడగడం కూడా ఎక్కువేనా? సెంటర్ నడిపే కాంట్రాక్టు సంస్థకి బిల్లు ఇచ్చేటప్పుడు ఎన్ని డయాలసిస్‌లు చేశారో లెక్క చూస్తారు కదా, ప్రతిసారీ ముందూ వెనకా బరువు నిజంగా చూశారో లేదో అదీ చూడండి. కాటా సంగతి మాత్రం మర్చిపోకండి సార్.

మీరే వచ్చి చూస్తానంటే మాకు సంతోషం. పొద్దున్న మొదటి బ్యాచ్ వేళకి రండి. ముందు చెప్పకుండా రండి. చెప్పి వస్తే ఆ ఒక్క రోజుకి కాటా ఎక్కడి నుంచో తెచ్చి పెడతారు.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక డయాలసిస్ పేషెంటు భార్య