కాలవగట్టు దారి చూపించిన బాబాయ్ గారికి

బొబ్బర్లంక టీ కొట్టు దగ్గర కలిసిన బాబాయ్ గారూ, మీరు పేరైనా చెప్పలేదు. అమలాపురం వెళ్తున్నామంటే “హైవే ఎందుకండీ, పిల్లల్ని కాలవగట్టు మీదుగా తీసుకెళ్లండి” అని, మలుపు దాకా మోపెడ్ మీద ముందు వెళ్లి మరీ దారి చూపించారు. మీకు వేల దండాలు.

“మధ్యాహ్నం గుడి మూసేస్తారు, ముందు ర్యాలి చూసుకోండి” అన్న మీ మాట వల్లే జగన్మోహినీ కేశవస్వామి దర్శనం దొరికింది. ఒకే రాతిలో ముందు విష్ణుమూర్తి, వెనక మోహిని! ఆ కొప్పు చెక్కిన తీరు చూస్తూ మా అమ్మ అక్కణ్నుంచి కదల్లేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తున్న ఒక ఇంటి దగ్గర ఆగాం. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి పిండిలో ముంచిన గుడ్డ పైన పరిచి లాగేసరికి పొర వచ్చేస్తోంది. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అది ఆ ఆడవాళ్ల చేతి చలవే.

లొల్ల లాకుల దగ్గర చాలాసేపు కూర్చున్నాం. ధవళేశ్వరం నుంచి వచ్చిన గోదావరి అక్కడ పాయలుగా విడిపోయి చేలకు పోతుంటే, కాటన్ దొర కథంతా నాన్నగారు పిల్లలకు చెప్పారు.

మళ్లీ ఆ దారినే వస్తాం బాబాయ్ గారూ. ఈసారి మీరు మాతో టీ తాగాలి.