సూడాన్ బంగారం సంగతి అడగండి: విదేశాంగ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి గారికి,

నమస్కారం. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు 'ఆపరేషన్ కావేరి' పేరుతో మీ శాఖ మనవాళ్లను పోర్ట్ సూడాన్ మీదుగా జెడ్డాకు, అక్కణ్నుంచి స్వదేశానికి చేర్చింది. మనవాళ్లు క్షేమంగా వచ్చేశాక ఆ దేశం మన వార్తల్లోంచి జారిపోయింది. యుద్ధం మాత్రం సాగుతూనే వచ్చింది.

చర్చలు జరగక కాదు. నెల తిరక్కుండానే, మే 11న, జనరల్ బుర్హాన్ నడిపే సూడాన్ సైన్యమూ, దానితో పోరాడుతున్న హెమెద్తీ పారామిలిటరీ దళం ఆర్‌ఎస్‌ఎఫ్ కూడా జెడ్డాలో సంతకాలు చేశాయి. ఆసుపత్రుల్లోంచి దళాలను తప్పిస్తామన్నారు, పౌరుల జోలికి వెళ్లమన్నారు. రాజధాని ఖార్టూమ్‌లో జనం ఇళ్లలో తిష్ఠ వేసిన దళాలు కదలనే లేదు. 2024 ఆగస్టులో జెనీవాకు పిలిస్తే సైన్యం అసలు రాలేదు. పశ్చిమాన దార్ఫూర్‌లోని ఎల్ ఫాషర్ నగరాన్ని ఆర్‌ఎస్‌ఎఫ్ ముట్టడించడం ఆపమని భద్రతామండలి అదే ఏడాది జూన్‌లో తీర్మానం చేసింది. ఆ ముట్టడి ఏడాదిన్నర నడిచింది. నూనె తీసేశాక మిగిలే వేరుశనగ చెక్కను, అక్కడ 'అంబాజ్' అంటారు, పశువులకు వేసేదాన్ని మనుషులు తిని ప్రాణాలు నిలుపుకున్నారు. 2025 అక్టోబరు 26న నగరం ఆర్‌ఎస్‌ఎఫ్ వశమైంది. ఆ వెంటనే ఊచకోత.

ఇది చూసి దౌత్యం వల్ల ఏమీ కాదనేవాళ్లున్నారు. నేనలా అనుకోను. ఇన్నాళ్లూ తుపాకీ పట్టినవాళ్లతో మాట్లాడారు, తుపాకీ ఇచ్చినవాళ్లను వదిలేశారు.

2025 సెప్టెంబరు 12న అమెరికా, సౌదీ, ఈజిప్టు, యూఏఈ కలిసి ఒక ప్రకటన చేశాయి. మూడు నెలల మానవతా విరామం కావాలనీ, బయటి సైనిక సాయం ఆగితేనే యుద్ధం ముగుస్తుందనీ అందులో ఉంది. మంచి మాటే. కానీ చెప్పిందెవరు? ఈజిప్టు ఉన్నది సూడాన్ సైన్యం పక్షాన. యూఏఈ ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలు చేరవేస్తోందన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐరాస నిపుణుల బృందం 2024 జనవరిలోనే చెప్పింది. యూఏఈ ఖండిస్తూనే ఉంది. కంచే చేను మేస్తోందని అందరికీ తెలిసినా పైకి అనేవాళ్లు తక్కువ.

పోషకులు తప్పుకుంటే ఏమవుతుందో మొజాంబిక్‌లో చూశాం. అక్కడ పదిహేనేళ్లు పోరాడిన తిరుగుబాటు సంస్థ రెనామోను పుట్టించింది రొడీషియా (నేటి జింబాబ్వే), పెంచింది దక్షిణాఫ్రికా. అవతల ఫ్రెలిమో ప్రభుత్వానికి సోవియట్ అండ. 1992 అక్టోబరు 4న రోమ్‌లో శాంతి కుదిరిందంటే మధ్యవర్తుల ఓపిక ఒక్కటే కారణం కాదు. అప్పటికి ఒక పోషకుడు దారి మార్చుకున్నాడు, ఇంకొకడు లేనేలేడు. రెనామో పార్టీగా మారడానికి డబ్బు కూడా సమకూర్చారు. చెప్పుకోవడానికి బాగోదు గానీ పనిచేసింది.

అంగోలాలో సగమే జరిగింది. 1988లో కుదిరిన ఒప్పందాలతో క్యూబా సేనలు, దక్షిణాఫ్రికా సేనలు వెళ్లిపోయాయి. అయినా అక్కడి తిరుగుబాటు సంస్థ యునిటా వజ్రాలు అమ్ముకుని ఇంకో దశాబ్దం కొట్లాడింది. 1998లో భద్రతామండలి ఆ వజ్రాలపై ఆంక్షలు పెట్టింది, 2003లో వజ్రాలు తిరుగుబాటుదారులవి కావని ధ్రువీకరించే కింబర్లీ ప్రక్రియ వచ్చింది. 2002లో యునిటా నేత సవింబి చనిపోయాకే అక్కడ తుపాకులు ఆగాయన్నది నిజమే. కానీ ఆంక్షల వల్ల అప్పటికే ఆయన రాబడికి గండి పడింది.

సూడాన్‌లో ఆ వజ్రాల స్థానంలో ఉన్నది బంగారం. దార్ఫూర్ గనులు హెమెద్తీ కుటుంబాన్ని పెంచాయి. యూఏఈని తిట్టే సైన్యం కూడా తన ఏలుబడిలోని బంగారాన్ని ఎక్కువగా దుబాయ్‌కే పంపుతూ వచ్చింది! శుద్ధి కర్మాగారంలో ఒకసారి కరిగాక ఏ కడ్డీ ఏ గనిదో చెప్పలేం. 2022 మే నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద మనం యూఏఈ బంగారానికి సుంకంలో ఒక శాతం రాయితీ ఇస్తున్నాం. ఆ కడ్డీల్లో సూడాన్ వాటా ఎంతో మన కస్టమ్స్ దగ్గర లెక్క ఉందా?

అబుదాబితో మన స్నేహం ఎంత విలువైనదో, అక్కడ ఎంతమంది మనవాళ్లు బతుకుతున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. బహిరంగంగా తప్పుపట్టమని అడగడం లేదు. రాయితీ కావాలంటే గని దాకా మూలం చూపే పత్రాలు ఉండాలని ఒప్పంద సమీక్షలో పెట్టండి. 2019లో కింబర్లీ ప్రక్రియకు అధ్యక్షత వహించిన దేశం మనది, కాబట్టి వజ్రాలకు ఉన్న నియమం బంగారానికి ఎందుకు లేదని అడిగే హక్కు మనకుంది. దార్ఫూర్‌కే పరిమితమైన ఆయుధ నిషేధాన్ని సూడాన్ అంతటికీ వర్తింపజేయమని కూడా మన తరఫున ఐరాసలో చెప్పించండి.

వీటిలో ఏది సాధ్యం, ఏది కాదు, ఎందుకు కాదు అన్నది వచ్చే పార్లమెంటు సమావేశాల్లో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పౌరుడు