తాళం ఇచ్చారు, బీమా ఇవ్వలేదు

హైదరాబాద్,
17 నవంబరు 2025

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: 20 సెప్టెంబరు 2025న మీ శాఖలో కొన్న పాత కారుకు బీమా పేరు మార్పు చేయించకపోవడం, రోడ్డు పన్ను గురించి తప్పు చెప్పడం, వాటివల్ల నాకు కలిగిన నష్టం.

అయ్యా,

2018 మోడల్ పెట్రోలు కారును, కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్నదాన్ని, మీ దగ్గర 4,85,000 రూపాయలకు కొన్నాను. బండి మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంజిన్ బాగుంది, గేర్లు బాగున్నాయి, ఏసీ కూడా చల్లగానే వస్తోంది. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఇంతకు ముందు రెండుసార్లు ఫిర్యాదు చేస్తే రెండుసార్లూ మీరు మెకానిక్‌ను పంపారు. రెండోసారి వచ్చిన అబ్బాయి బానెట్ మూసి, చేతులు తుడుచుకుంటూ, "సార్, నేను చూడాల్సింది ఇందులో ఏమీ లేదు" అని నవ్వి వెళ్లిపోయాడు. అతని నిజాయితీకి నా ధన్యవాదాలు చెప్పండి. నా ఫిర్యాదంతా కాగితాల గురించి.

డెలివరీ రోజు మీ షోరూములో జరిగింది నాకు బాగా గుర్తుంది. బానెట్‌కు ఎర్ర రిబ్బను కట్టారు. అట్టతో చేసిన నిలువెత్తు తాళం చెవి మా అబ్బాయి చేతిలో పెట్టి ఫొటో తీశారు. ఆ తర్వాత మీ ఉద్యోగి ట్యాబ్‌లో ఒక పట్టిక తెరిచి చదివాడు. "ఇన్సూరెన్స్: ఉంది" అన్న చోట ఒక టిక్కు, "రోడ్ ట్యాక్స్: లైఫ్ టైమ్" అన్న చోట ఇంకో టిక్కు. ఇన్సూరెన్స్ ఎవరి పేరున ఉందని అడిగాను. "వచ్చే మార్చి 14 దాకా ఉంది సార్, యాభై శాతం నో క్లెయిమ్ బోనస్ కూడా ఉంది. పేరు మార్పు మావాళ్లు చూసుకుంటారు, మీరు నిశ్చింతగా నడపండి" అన్నాడు. నేను అడిగింది ఎవరి పేరున అని, అతను చెప్పింది ఎప్పటిదాకా అని. ఆ తేడాను ఆ పూటే పట్టుకోవలసింది. దసరాకు వాహన పూజ చేయించాలన్న తొందరలో సంతకం పెట్టేశాను. ఆ తొందర నాది, ఒప్పుకుంటాను. కాగితాల పని చేసిపెడతామని 8,500 రూపాయలు తీసుకున్నది మాత్రం మీరు.

బీమా ఉంది అన్న మాటలో మీరు దాచింది ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే బీమా ధ్రువపత్రం కొన్నవారికి బదిలీ అయినట్లే లెక్క. కానీ ఈ వెసులుబాటు థర్డ్ పార్టీ భాగానికే వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అంటే నా బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకు రక్షణ ఉంటుంది. నా బండికే దెబ్బ తగిలితే ఆ పాలసీలో నాకు చోటు లేదు. సొంత నష్టం భాగం నాకు దక్కాలంటే బీమా సంస్థ పాలసీని నా పేరుకు మార్చి తీరాలి. అందుకు అమ్మకం జరిగిన 14 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవాలి. యజమాని అయిన డ్రైవరుకు ఇచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా పాత యజమానిదే, నాది కాదు. మీ ట్యాబ్‌లో వీటిలో దేనికీ గడి లేదు.

బండి వివరాలు చూపే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో చూసినా బీమా గడువు తేదీయే కనిపిస్తుంది. దారిలో ఆపిన పోలీసులకు అది సరిపోతుంది. గ్యారేజీలో నిలబడ్డ యజమానికి సరిపోదు.

సెప్టెంబరు 20 నుంచి 14 రోజులంటే అక్టోబరు 4. ఆలోపు మీ శాఖకు నాలుగుసార్లు ఫోను చేశాను. నాలుగుసార్లూ ఒకటే జవాబు: "ఆర్‌సీ మీ పేరున వచ్చాకే ఇన్సూరెన్స్ మారుతుంది సార్, అది ఆర్డరు." బండి కర్ణాటకది. అక్కడి నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌వోసీ రావాలి, ఇక్కడి ఆర్‌టీఏలో మళ్లీ రిజిస్ట్రేషన్ కావాలి. ఇవన్నీ రెండు వారాల్లో అయ్యేవి కావని మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఈ మాటే చెబుతూ గడువు దాటించారు.

అక్టోబరు 9 సాయంత్రం ఉప్పల్ రోడ్డులో ఒక ఆటో ఎడమవైపు నుంచి హఠాత్తుగా అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోతే బండి కుడివైపు డివైడర్‌కు తగిలింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు, అది మా అదృష్టం. ముందు బంపరు పగిలింది, కుడి హెడ్‌ల్యాంపు ఊడి వైర్ల మీద వేలాడింది, ఫెండరు నొక్కుకుపోయింది. గ్యారేజీ బిల్లు 58,700 రూపాయలు. క్లెయిము పెట్టాను. మర్నాడు బీమా సంస్థ సర్వేయరు వచ్చి ఫోను లైటు వేసి చాసిస్ నంబరు చదివారు, పాలసీ చూశారు, మన అమ్మకపు ఒప్పందం చూశారు. ఆ తర్వాత రెండు కాగితాలనూ బానెట్ మీద పక్కపక్కన పెట్టి, రెండు పేర్ల మీదా వేలు పెట్టి నాకు చూపించారు. ఆయన నోట ఒక్క మాట లేదు. వారం తిరిగేసరికి బీమా సంస్థ లేఖ వచ్చింది: ప్రమాదం జరిగిన తేదీన మీకూ మాకూ మధ్య ఒప్పందమేదీ లేదు, క్లెయిమును తిరస్కరిస్తున్నాం.

ఆ సంస్థ మీద నాకు కోపం లేదు. వాళ్లు రాసింది నిజం. అందుకే వాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. మీరు కదలరని అర్థమయ్యాక నేనే యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, ఫారం 30, పాత ఆర్‌సీ నకలు, అమ్మకపు ఒప్పందం పట్టుకుని బీమా సంస్థ కార్యాలయానికి వెళ్లాను. రిపేరు అయిన బండిని ఒకసారి చూసుకుని, అక్టోబరు 27 నుంచి పాలసీని నా పేరుకు మార్చారు. రెండే రోజులు పట్టింది. కొత్త ఆర్‌సీ కావాలని ఎవరూ అడగలేదు. నాలుగుసార్లు మీరు చెప్పిన ఆ "ఆర్డరు" ఎవరు ఇచ్చారో దయచేసి తెలియజేయండి.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. మీవాళ్లు గొప్పగా చెప్పిన యాభై శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండితో రాదు. అది మనిషిది. ఏళ్ల తరబడి క్లెయిము లేకుండా నడిపిన పాత యజమాని సంపాదించుకున్నది, తన తర్వాతి బండికి వాడుకోవడానికి ఆయన వెంట తీసుకుపోయేది. థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయల్లో ఎలాగూ తగ్గింపు ఉండదు, బోనస్ అంతా సొంత నష్టం భాగంలోనే. పాలసీ నా పేరుకు మారగానే మిగిలిన 138 రోజులకు ఆ తగ్గింపును నా దగ్గర తిరిగి వసూలు చేశారు, జీఎస్‌టీతో కలిపి 1,316 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ లేని దాన్ని ఉందని చెప్పి బండి ధరను సమర్థించుకున్నారు, నా బాధ అదీ.

అక్టోబరు చివర్లో బెంగళూరు నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. సగం కన్నడం, సగం తెలుగులో ఎంతో మర్యాదగా, "మీరు సిగ్నల్ దాటినట్టున్నారండీ, చలానా నా ఫోనుకు వచ్చింది" అన్నారు. ఆయనే ఈ బండి పాత యజమాని. జూలైలోనే మీకు అమ్మేశారట, ఆర్‌సీ మారిపోయి ఉంటుందని అనుకున్నారట. చట్టంలో యజమాని అంటే రిజిస్టరులో పేరున్నవాడే. బండి చేతులు మారినా రిజిస్టరులో పేరు మారకపోతే ప్రమాదం బాధ్యత ఆ పేరున్నవాడి మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. నేను ఏ మనిషినైనా గుద్ది ఉంటే, మూడు నెలల కిందట బండి వదిలేసుకున్న ఆ పెద్దాయన హైదరాబాద్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. చలానా నేను కట్టేశాను. ఆయనకు క్షమాపణ కూడా నేనే చెప్పాను. నిజానికి చెప్పాల్సింది మీరు.

పాత బండ్ల వ్యాపారుల కోసం కేంద్రం తెచ్చిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. యజమాని బండిని అధీకృత డీలరుకు అప్పగిస్తే ఫారం 29సీలో రవాణా శాఖకు తెలపాలి. అక్కడి నుంచి బండికీ, దాని కాగితాలకూ, దానితో జరిగే వాటికీ ఆ డీలరే యజమానిగా జవాబుదారీ. మీరు అధీకృత డీలరా? అయితే మీ ధ్రువపత్రం నంబరు ఎంత? జూలైలో ఈ బండికి ఫారం 29సీ ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆ రసీదు నకలు పంపండి. ఇచ్చి ఉంటే చలానా మీకు రావాలి, బెంగళూరుకు ఎందుకు వెళ్లిందో కూడా రాయండి.

ఇక పన్ను సంగతి. "లైఫ్ టైమ్" అన్న మీ టిక్కు అబద్ధం కాదు, కానీ సగం నిజం. జీవితకాల పన్ను కట్టింది కర్ణాటకలో. తెలంగాణ చిరునామా మీద రిజిస్టరు చేయించాలంటే ఇక్కడ మళ్లీ కట్టాలి. ఇక్కడి బండి ఇక్కడే చేతులు మారితే కట్టిన పన్ను బండితోనే ఉంటుంది కాబట్టి ఆ మాటకు అర్థం ఉండేది. కర్ణాటక కేఏ నంబరు ప్లేటు కళ్లెదుట పెట్టుకుని అదే గడిలో అదే టిక్కు పెట్టడం పొరపాటని నేను నమ్మను. అక్కడి పన్నులో కొంత వెనక్కి వస్తుందని మీ మేనేజరు ఇప్పుడు సలహా ఇస్తున్నారు. రావచ్చు. దాని కోసం వేరే రాష్ట్రంలోని ఆఫీసు చుట్టూ తిరగాల్సింది ఎవరో మాత్రం ఆయన చెప్పలేదు. కొనేముందు ఈ ఖర్చు తెలిసి ఉంటే ఆ మేరకు బేరమాడేవాణ్ని, లేదా పక్కనే నిలబడి ఉన్న తెలంగాణ బండిని తీసుకునేవాణ్ని.

నవంబరు 3న మీరు పంపిన ఈమెయిలులో, ఒప్పందం ప్రకారం బీమా బాధ్యత కొనుగోలుదారుదేనని రాశారు. ఆ వాక్యం ఒప్పందంలో ఉంది, చూశాను. అదే ఒప్పందం వెనుక పేజీలో "ఆర్‌సీ, ఇన్సూరెన్స్ బదిలీ సేవా రుసుము 8,500" అని కూడా ఉంది. బాధ్యత నాదైతే ఆ డబ్బు దేనికి తీసుకున్నారు? డబ్బు తీసుకున్నాక బాధ్యత నాది ఎలా అవుతుంది? రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోండి.

నేను కోరేది ఇదీ. రిపేరు బిల్లు మొత్తం అడగడం లేదు. పాలసీ నా పేరున ఉన్నా మొత్తం వచ్చేది కాదు. ప్లాస్టిక్ భాగాల మీద సగం, ఏడేళ్ల బండి కాబట్టి ఇనుప భాగాల మీద 40 శాతం తరుగు పోతుంది, క్లెయిములో యజమానే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు వెయ్యి ఉంటుంది. సర్వేయరు చెప్పిన పద్ధతిలో లెక్క వేస్తే నాకు రావలసి ఉండింది 39,100 రూపాయలు. అది ఇవ్వండి. చేయని పనికి తీసుకున్న 8,500 తిరిగి ఇవ్వండి. తెలంగాణలో కట్టాల్సిన జీవితకాల పన్ను మీరు భరించండి. అది కుదరదంటే, అమ్మకం రోజున ఆ సంగతి నాకు ఎక్కడ, ఏ కాగితంలో తెలియజేశారో చూపించండి. ఎన్‌వోసీ ఏ దశలో ఉందో తేదీలతో రాసి పంపండి. బెంగళూరు పెద్దాయనకు ఒక ఉత్తరం రాయండి.

ఇంకొకటి, ఇది నా కోసం కాదు. మీ ట్యాబ్‌లో "ఇన్సూరెన్స్: ఉంది" అన్న గడి తీసేసి "ఇన్సూరెన్స్ ఎవరి పేరున" అని పెట్టండి. అక్కడ కొన్నవారి పేరు పడేదాకా తాళం ఇవ్వకండి. రెండు రోజుల పని అని పైనే రాశాను. రిబ్బను రెండు రోజులు ఆగి కట్టినా వాడిపోదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఫోను వద్దు. ఫోనులో మీరు చెప్పిన మాటల విలువ నాలుగుసార్లు చూశాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. బండి ధర 5 లక్షల లోపే కాబట్టి అక్కడ రుసుము కూడా కట్టనక్కర్లేదు. అమ్మకపు ఒప్పందం, మీ రుసుము రసీదు, డెలివరీ పట్టిక నకలు, బీమా సంస్థ తిరస్కరణ లేఖ, గ్యారేజీ బిల్లు, అక్టోబరు 27 నాటి పాలసీ నకలు దీనితో జతచేస్తున్నాను.

"మీ డెలివరీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు" అని మీ యాప్ ఇప్పటికీ రోజూ ఉదయం పది గంటలకు అడుగుతోంది. దాన్ని ఆపించండి.

ఇట్లు,
(సంతకం)
మీ కొనుగోలుదారు